అల్బుయెరా టేబుల్ ఆట: కదలిక ఆర్డర్లకు బోనస్ పీకేశాక (ప్రాజెక్టు డైరీ)

ఏం కడుతున్నాం

1811 మే 16న స్పెయిన్‌లోని అల్బుయెరాలో ఫ్రెంచ్ సైన్యానికీ, బ్రిటిష్ మిత్రపక్షాల సైన్యానికీ మధ్య జరిగిన యుద్ధం మొత్తం కాదు, అందులో ఐదు నిమిషాల ముక్క మాత్రమే. బ్రిటిష్ పక్షాన స్టువర్ట్ డివిజన్‌లోని కోల్బర్న్ బ్రిగేడ్ (నాలుగు బెటాలియన్లు) ఫ్రెంచ్ పదాతిదళం ఎడమ పక్క మీదకు లైన్ (పక్కపక్కన నిలబడిన పొడుగాటి వరుస) కట్టి వెళ్లింది. ఇంతలో వడగళ్ల వాన కమ్మింది. ఫ్రెంచ్ పక్షపు గుర్రపు దళాలైన విస్తులా లాన్సర్లు (ఈటెలు పట్టిన రౌతులు), 2వ హుస్సార్లు (తేలికపాటి రౌతులు) ఆ వాన చాటున బ్రిగేడ్ కుడి పక్క మీద, వెనక మీద పడ్డారు. లైన్‌లో ఉన్న మూడు బెటాలియన్లు చెదిరిపోయాయి. ఎడమ చివర ఇంకా కాలమ్‌లోనే (ఒకరి వెనక ఒకరుగా, దగ్గరగా నిలబడిన గుంపు) ఉన్న 31వ రెజిమెంటు స్క్వేర్ (నాలుగు వైపులా బయటికి ముఖం పెట్టిన చతురస్రం) కట్టి నిలబడింది.

బ్రిగేడ్ అదే, వాన అదే, గుర్రాలూ అవే. తేడా ఆర్డర్‌లోనే ఉంది. కదలిక ఆర్డర్ పోరాట ఫలితాన్ని ఎలా మారుస్తుందో పరీక్షించడానికి ఇంతకంటే చిన్న, ఇంతకంటే కచ్చితమైన దృశ్యం దొరకదు.

సరిచూసుకోవడానికి పెట్టుకున్న అంకెలు (బలం, ఆ రోజు మొత్తం నష్టం, చనిపోయినవారు, గాయపడినవారు, కనిపించకుండా పోయినవారు కలిపి):

- 3వ రెజిమెంటు (మారుపేరు బఫ్స్): 755లో 643, అంటే 85%
- 48వ రెండో బెటాలియన్: 452లో 343, 76%
- 66వ రెండో బెటాలియన్: 441లో 272, 62%
- 31వ రెండో బెటాలియన్: 418లో 155, 37%

31వది గుర్రాల దాడి తర్వాత కూడా పోరాడింది కాబట్టి ఆ 37 శాతాన్ని లాన్సర్ల ఖాతాలో వేయకూడదు. అందుకే ఆటలో నష్టాలు లెక్కపెట్టడం లేదు. బెటాలియన్ నిలబడిందా, చెదిరిందా అన్నదే చూస్తున్నాం.

మొదటి సామాను: 120 × 80 సెం.మీ. బల్ల, 3 మి.మీ. ప్లైవుడ్, 1 మీటరు స్టీలు స్కేలు, దారం, కోణమానిని, ఆరు ముఖాల పాచికలు 4, స్టాప్‌వాచ్. కొలత 1 సెం.మీ.కి 10 మీటర్లు. ముక్కలు 14: బ్రిటిష్ పట్టీలు 4, ఫ్రెంచ్ పదాతి దిమ్మలు 4, గుర్రపు దళం ముక్కలు 6.

దశ 1: బోనస్ పద్ధతి, అది చెడిన తీరు

చీటీ మీద రాయదగ్గ ఆర్డర్లు ఎనిమిది: ఆగు, మామూలు నడక, వేగ నడక, చార్జ్ (శత్రువు మీదకు దూకడం), మలుపు, విప్పు (కాలమ్ నుంచి లైన్), స్క్వేర్, వెనక్కి. మొదటి కూర్పులో ఒక్కోదానికి ఒక్కో బోనస్ ఇచ్చాం. రెండు పాచికల మొత్తం 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే గెలుపు. చార్జ్‌కు +2, పక్క నుంచి తగిలితే మరో +2.

కాగితం మీద లెక్క వేస్తే తప్పు అక్కడే బయటపడింది:

1. బోనస్ లేకుండా 8+ పడే అవకాశం 36లో 15, అంటే 41.7%.
2. +2 తో 6+ చాలు. 36లో 26, అంటే 72.2%.
3. +4 తో 4+ చాలు. 36లో 33, అంటే 91.7%.

రెండు పాచికల మొత్తాలు మధ్యలో గుంపుగా ఉంటాయి. అక్కడ +2 అంటే ముప్పై శాతం ఎగువకు దూకడమే. ఆడిన 6 ఆటల్లోనూ రెండు పక్షాల చీటీల మీద చార్జ్ తప్ప వేరే మాట కనిపించలేదు. ఎనిమిది ఆర్డర్లు పెడితే ఆటలో మిగిలింది ఒకటే. +1 కి తగ్గించి చూసినా జబ్బు నయం కాలేదు. చీటీ మీద 'చార్జ్' అన్న మాటకు ధర కట్టడమే అసలు పొరపాటు. ఆ మాట వల్ల నేల మీద ఏం మారుతుందో దానికే ధర ఉండాలి.

మార్పు: ఎనిమిది బోనసులూ తీసేశాం. ఇకపై ఏ ఆర్డరైనా మూడింటినే తాకుతుంది: పట్టే సమయం, దళం ముఖం ఉన్న దిక్కు, దళం పట్టు (వరుస చెదరకుండా ఉండే బిగువు). పాచికలు వేసేది పట్టు మీదే.

ఇప్పటికి: ఆర్డర్లు 8, బోనసులు 0, ముక్కలు 14, ఆటలు 6.

దశ 2: టర్న్ ఎంత పొడుగు?

మొదట టర్న్ (ఆటలో ఒక విడత) 5 నిమిషాలు. గాలప్‌లో (పూర్తి దౌడులో) గుర్రాన్ని నిమిషానికి 400 మీటర్లుగా తీసుకుంటే ఒక టర్న్‌లో 2 కి.మీ., అంటే 200 సెం.మీ. బల్లే 120 సెం.మీ.! ఏ మూల నుంచైనా ఏ మూలకైనా గుర్రాలు ఒకే ఎత్తులో దిగిపోయాయి, మధ్యలో ఒక్క తుపాకీ కూడా పేలలేదు.

టర్న్ 1 నిమిషానికి దించాం. అయినా ఒక పక్షం పూర్తిగా కదిలాక రెండో పక్షం కదిలే పద్ధతిలో 40 సెం.మీ. దూకుడు అలాగే మిగిలింది. చివరికి నిమిషాన్ని నాలుగు పావులుగా కోశాం. పావు అంటే 15 సెకన్లు. ప్రతి పావులో ఇద్దరూ ఒకేసారి కదులుతారు.

వేగాలు ఊహించలేదు, ఆనాటి డ్రిల్ అడుగుల నుంచే తీశాం. డండస్ అనే సైనికాధికారి రాసిన 1792 బ్రిటిష్ నియమావళిలో అడుగు 30 అంగుళాలు. నిమిషానికి మామూలుగా 75, వేగంగా 108, మలుపు తిరిగేటప్పుడు 120. ఫ్రెంచ్ అడుగు సుమారు 65 సెం.మీ.; నిమిషానికి 76, 100, చార్జ్‌లో 120.

పావుకు కదిలే దూరం:

- బ్రిటిష్ మామూలు నడక 1.4 సెం.మీ., వేగ నడక 2.1, మలుపు 2.3
- ఫ్రెంచ్ మామూలు 1.2, వేగం 1.6, చార్జ్ 2.0
- గుర్రం నడక 2.5, ట్రాట్ (చిన్న పరుగు) 5, గాలప్ 10 (నిమిషానికి 100, 200, 400 మీటర్లుగా గుండ్రం చేసుకున్నవి)

స్కేలుతో కొలుస్తుంటే ఒక పావు ఆడటానికి దాదాపు 4 నిమిషాలు పట్టింది. పై తొమ్మిది పొడవులకు తొమ్మిది పుల్లలు కోసి, చివర్లకు రంగు పూశాక నిమిషంన్నరకు దిగింది. స్కేలు పక్కన పెట్టేయండి. 1.2కీ 1.4కీ తేడా కళ్లకు ఆనదు, రంగుకు ఆనుతుంది.

గాలప్‌కు ఒక కళ్లెం కూడా వేశాం: వరసగా 8 పావులు దాటితే తర్వాత 16 పావులు నడకే. ఇది లేకపోతే గుర్రాలు బల్ల చుట్టూ ప్రదక్షిణాలు చేస్తాయి.

ఇప్పటికి: ఆర్డర్లు 8, బోనసులు 0, ముక్కలు 14, పుల్లలు 9, ఆటలు 9.

దశ 3: ముక్కలు కోయడం, మలుపు

బ్రిటిష్ లైన్ రెండు వరుసలు. మనిషికి 55 సెం.మీ. జాగా ఇస్తే బఫ్స్ 755 మందికి 207 మీటర్ల ముఖం, అంటే 20.7 సెం.మీ. 48వ దానికి 12.4, 66వ దానికి 12.1. మూడూ కలిపి 45.2 సెం.మీ. 31వది కూడా లైన్ కడితే 11.5.

మొదటి కోతలో బెటాలియన్‌కు ఒకే పట్టీ. గట్టి పట్టీని చేత్తో పట్టుకుని తిప్పడం తేలికే, అదే కొంప ముంచింది. ఆడేవాళ్లు పట్టీని మధ్యలో పట్టుకుని గిర్రున తిప్పి, 'మలుపు' ఒక పావులో అయిపోయిందన్నారు. లైన్ అలా తిరగదు. ఒక చివర మనిషి నిలబడి ఉంటే రెండో చివర మనిషి పావు వృత్తం నడవాలి.

కొలిచే పద్ధతి:

1. నిలబడే చివర గుండుసూది గుచ్చి, లైన్ పొడవంత దారం కట్టండి.
2. దారం రెండో చివర గీసే చాపాన్ని కోణమానినితో 90° వరకు గుర్తించండి.
3. చాపం మీద 2.3 సెం.మీ. పుల్ల ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టండి. అన్ని పావులు పడతాయి.

బఫ్స్‌కు చాపం 32.5 సెం.మీ., అంటే 15 పావులు, మూడున్నర నిమిషాల పైమాటే. మూడు బెటాలియన్లు ఒకే లైన్‌గా తిరగాలంటే 71 సెం.మీ., దాదాపు 8 నిమిషాలు. ఈలోపు గాలప్‌కు కళ్లెం ఉన్నా గుర్రం బల్లను దాటేయగలదు. కుడి పక్కన గుర్రాలు కనబడ్డాక 'కుడికి తిరుగు' అని రాయడం ఎందుకు పనికిరాదో ఈ దారం చెప్పినంత స్పష్టంగా ఏ నియమమూ చెప్పలేదు. ఈ ప్రాజెక్టులో నకలు చేయదగ్గది ఒక్కటే అయితే, అది ఇదే.

పట్టీలను కంపెనీలుగా కోశాం. బ్రిటిష్ బెటాలియన్‌కు 10 కంపెనీలు, కాబట్టి 40 ముక్కలు. వెనక గుడ్డ టేపు అతికిస్తే కీలులా మడుస్తాయి. ముందువైపు అతికించవద్దు, వంచినప్పుడు లేచిపోతుంది. ముక్కల మధ్య అర మిల్లీమీటరు సందు వదలండి. మొదటిసారి వదలలేదు, బఫ్స్ పట్టీ కాలమ్‌గా మడవనే లేదు.

అదే కీళ్ల పట్టీని మడిచి స్క్వేర్ చేద్దామనుకోవడం రెండో తప్పు. చుట్టుకొలత 207 మీటర్లు వచ్చింది. నిజం స్క్వేర్‌లో నాలుగు వరుసలు: 755 మందికి చుట్టుకొలత 104 మీటర్లు, భుజం 26. కీళ్ల స్క్వేర్ భుజాలు రెట్టింపు అవడంతో పక్క బెటాలియన్ల మీద ఎక్కి కూర్చుంది. ఇప్పుడు స్క్వేర్ కట్టగానే పట్టీ తీసి, కోసి పెట్టుకున్న దిమ్మ (బఫ్స్‌కు 2.6 సెం.మీ.) పెడుతున్నాం.

ఇప్పటికి: ముక్కలు 54 (కంపెనీలు 40, స్క్వేర్ దిమ్మలు 4, ఫ్రెంచ్ 4, గుర్రాలు 6), పుల్లలు 9, ఆటలు 11.

దశ 4: వేగానికి తుపాకీ ఇచ్చే జవాబు

మస్కెట్‌కు (ఆనాటి పదాతి తుపాకీ) నిమిషానికి రెండు వాలీలు (వరుసంతా ఒకేసారి కాల్చడం), అంటే రెండు పావులకు ఒకటి. లైన్ చీటీ మీద తొలి వాలీ ఎంత దూరంలో పేల్చాలో రాయాలి. వాలీకి ఒక పాచిక: 5 గానీ 6 గానీ పడితే ఎదుటివాడి పట్టు ఒకటి తగ్గుతుంది.

మొదట దూరం 100 మీటర్లని ఖాయం చేశాం. మామూలు నడకలో వచ్చే ఫ్రెంచ్ కాలమ్ మీద అయిదో వాలీ బల్ల మీద 4 మి.మీ. దూరంలో పేలింది. మనుషులు బయనెట్లతో ఢీకొనే దూరంలో వాలీ ఏమిటి? 1 సెం.మీ. లోపు వాలీ లేదని తేల్చాక, తొలి వాలీ దూరాన్ని బట్టి ఎన్ని వాలీలు తగులుతాయంటే:

- 100 మీ.: మామూలు నడకకు 4, వేగ నడకకు 3, చార్జ్‌కు 3
- 80 మీ.: 3, 3, 2
- 60 మీ.: 3, 2, 2

వేగంగా రావడం ఎంత లాభమో కాల్చేవాడి చీటీ కూడా నిర్ణయిస్తోంది. ఇద్దరి ఆర్డర్లూ ఒకదాన్నొకటి పట్టుకుంటే ఆట కళ కట్టింది.

రెండు దిద్దుబాట్లు వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

ఒకటి: 50 మీటర్ల లోపు వాలీ 4+ కే తగలాలని పెట్టాం. నిజానికి దగ్గర కాబట్టి న్యాయమే. కానీ 80 మీ. దగ్గర లెక్క తలకిందులైంది. మామూలు నడక వాళ్లు 80, 56, 32 మీటర్ల దగ్గర దెబ్బ తింటారు: సగటు నష్టం 1.17. వేగ నడక వాళ్లు 80, 48, 16 దగ్గర: 1.33. నిదానంగా నడిచినవాడికి బహుమానం! ఇది యుద్ధ లక్షణం కాదు, పావు కొలత లోపం. 4+ తీసేశాం.

రెండు: చార్జ్‌కు పట్టులో −2 కోత. చార్జ్ వల్ల మూడు దూరాల మీద తప్పేది సగటున ఒక్క వాలీ, అంటే మూడో వంతు పట్టు. దానికి రెండు పాయింట్లు కట్టమంటే ఎవరూ ముందుకు రారు. రెండు ఆటల్లో చార్జ్ చీటీ పుట్టనే లేదు. దశ 1కి సరిగ్గా తిరగేసిన బొమ్మ. ఇప్పటి నియమం:

1. ఆఖరి 50 మీటర్లలో మొదలుపెట్టిన చార్జ్‌కు కోత లేదు.
2. 50 నుంచి 100 మీటర్ల మధ్య మొదలైతే −1.
3. అంతకు ముందే మొదలైతే −2. మెరక మీదకు చార్జ్ చేసినా −1.

తొలి వాలీ 80 దగ్గర పేలితే, వేగ నడకలో 48 వరకు వచ్చి అక్కడ చార్జ్ రాసినవాడికి రెండే వాలీలు తగులుతాయి, కోత ఉండదు. చీటీలో అసలు ప్రశ్న 'చార్జ్ చేయాలా' నుంచి 'ఎక్కడ మొదలెట్టాలి' దగ్గరకు జరిగింది.

గాలప్‌లో వచ్చే గుర్రాలకు పై మూడు దూరాల్లో ఎక్కడైనా ఒకటే వాలీ. వానలో అది కూడా లేదు.

ఇప్పటికి: ఆర్డర్లు 8, బోనసులు 0, పట్టు కోతలు 4 (వాలీ, 50–100 చార్జ్, దూరపు చార్జ్, మెరక), ఆటలు 15.

దశ 5: ఢీకొన్నప్పుడు

పట్టు 8తో మొదలు. గుర్రాలు తగలగానే రెండు పాచికలు. మొత్తం పట్టుకు సమానం గానీ తక్కువ గానీ పడితే దళం నిలుస్తుంది. పక్క నుంచి గానీ వెనక నుంచి గానీ తగిలితే లైన్ పట్టు సగం, కిందికి గుండ్రం. ఆనుకుని ఉన్న బెటాలియన్ అప్పటికే చెదిరితే సగం చేయకముందే −1. స్క్వేర్ పట్టు 11, దానికి పక్క అనేదే లేదు.

నిలిచే అవకాశాలు గోడకు అతికించుకోండి: 11కి 97.2%, 10కి 91.7%, 8కి 72.2%, 6కి 41.7%, 4కి 16.7%, 3కి 8.3%, 2కి 2.8%.

ఏ దెబ్బా తినని లైన్ మీదకు ఎదురుగా వస్తే నాలుగింట దాదాపు మూడుసార్లు నిలుస్తుంది. పక్క నుంచి వస్తే ఆరింట ఒకసారి. చార్జ్ చేసేవాడికి ఏ బోనసూ లేకుండానే ఇంత తేడా.

దశ 6: చీటీ ఎప్పుడు చేరుతుంది, కన్ను ఎంత దూరం చూస్తుంది

వార్తాహరుడు టర్న్‌కు 25 సెం.మీ. చదవడానికి ఒక టర్న్, కిందికి అందించడానికి ఒక టర్న్. 75 సెం.మీ. దూరానికి 5 టర్నులు. ఆ ఐదు నిమిషాల్లో బ్రిగేడ్ పని అయిపోతుంది కాబట్టి, గుర్రాల సంగతి ముందే షరతుగా రాసి పెట్టాలి.

అది చూడగానే అందరూ ప్రతి చీటీ మీదా అరడజను షరతులు దట్టించారు. ఒక చీటీ వీలునామాలా తయారైంది. నియమం: చీటీకి ఒకే షరతు. 'గుర్రాలు కనబడితే స్క్వేర్' అని రాస్తే 'శత్రువు చెదిరితే తరుము' అని రాయడానికి చోటు ఉండదు.

షరతు పనిచేయాలంటే కనబడాలి. మామూలుగా చూపు 80 సెం.మీ., వడగళ్ల వానలో 10.

1. 800 మీ. చూపు: 600 మీ. ట్రాట్, 200 మీ. గాలప్ కలిపి 14 పావులు. లైన్ నుంచి స్క్వేర్‌కు 4 పావులు చాలు.
2. 100 మీ. చూపు: 1 పావు. లైన్‌కు షరతు ఉన్నా లేనట్టే.
3. దగ్గరగా మూసిన కాలమ్ బయటికి ముఖం తిప్పితే సరి, 1 పావు.

మూడోదానిలో చిక్కు: గుర్రానికీ ఒక పావే, కాలమ్‌కూ ఒక పావే. ఎవరు ముందు? రెండు ఆటలు ఇక్కడే వాదనతో ఆగిపోయాయి. ఇప్పుడు చెరో పాచిక. పెద్దది గెలుపు, సమానమైతే పదాతిదే. కాలమ్ ముందుగా తిరిగే అవకాశం 36లో 21, అంటే 58.3%. తిరగలేకపోతే పట్టు 6, సగం చేయరు. కాలమ్ చెదిరిన లైన్ కాదు కదా.

ఇప్పటికి: పట్టు కోతలు 5 (పక్క బెటాలియన్ చెదరడం కలిసింది), ఖాళీ చీటీలు 24, ఆటలు 19.

దశ 7: అల్బుయెరా లెక్క

ఇక్కడ పాచికలు అక్కర్లేదు, కాగితం చాలు. లైన్‌లో ఉన్న మూడింటికీ 8 నుంచి ఒకటి ఫ్రెంచ్ వాలీ కింద, ఒకటి మెరక మీద బయనెట్ చార్జ్ కింద పోయి 6 మిగిలింది. వాన, చూపు 10 సెం.మీ. గుర్రాలు కుడి వెనక నుంచి.

1. బఫ్స్: 6లో సగం 3. చెదిరే అవకాశం 91.7%.
2. 48వది: 5లో సగం 2. చెదిరే అవకాశం 97.2%.
3. 66వది: అదే, 97.2%.
4. మూడూ చెదరడం: 87%.
5. 31వది: దూరంగా ఉంది కాబట్టి స్క్వేర్ కట్టింది. పట్టు 11, పక్కది చెదిరింది కనుక 10. నిలవడం 91.7%.
6. చరిత్రలో జరిగినట్టే నాలుగూ జరగడం: 79%.

99 వచ్చి ఉంటే అనుమానించేవాళ్లం. జరిగిన యుద్ధం ఒక్కటే, అది జరిగి తీరాలని రాసిన నియమాలు వేరే యుద్ధంలో పనికిరావు.

ఇక రెండో పరుగు. కుడి చివర దళాన్ని కాలమ్‌లో ఉంచుదామని కోల్బర్న్ అడిగితే స్టువర్ట్ ఒప్పుకోలేదని చెబుతారు. ఆ ఒక్క ఆర్డర్ మార్చి, బఫ్స్‌ను మూసిన కాలమ్‌లో కుడి వెనక నడిపించాం. మిగతావన్నీ అవే, వానతో సహా.

- ముందుగా తిరిగి (58.3%), నిలవడం (97.2%): 56.7%
- తిరగలేక (41.7%), అయినా 6 మీద నిలవడం (41.7%): 17.4%
- మొత్తం: 74.1%

లైన్‌లో 8.3, కాలమ్‌లో 74.1. మారింది చీటీ మీద ఒక్క మాట. దీని ఖరీదూ చూడాలి: బఫ్స్ లైన్‌లో లేకపోతే కాల్చగల ముఖం 45.2 సెం.మీ. నుంచి 24.5కి పడిపోతుంది. ఫ్రెంచ్ కాలమ్‌ను తుపాకులతో తొందరగా విరగ్గొట్టాలనుకుంటే ఇది చిన్న నష్టం కాదు. స్టువర్ట్ వైపు ఆడినవాళ్లలో సగంమంది ఇప్పటికీ లైనే రాస్తున్నారు, తప్పు పట్టలేం.

మిగిలిన లోపం ఒకటి. చెదిరిన బెటాలియన్‌ను తరుముతూ పోయిన గుర్రాలు ఆగవు, తర్వాతి పావులో అవి ఎక్కడుండాలో నియమం లేదు. ప్రస్తుతం పాచిక వేసి, పడినన్ని సెం.మీ. అదే దిక్కులో నెడుతున్నాం. రెండు ఆటల్లో లాన్సర్లు నేరుగా 31వ దాని స్క్వేర్‌కు గుద్దుకున్నారు, ఒక ఆటలో బల్ల అంచు దాటి కింద పడ్డారు. బల్లకు 1 సెం.మీ. అంచు కట్టాలి.

ఇప్పటికి: ఆర్డర్లు 8, బోనసులు 0, పట్టు కోతలు 5, ముక్కలు 54, పుల్లలు 9, చీటీలు 24, ఆటలు 22.